ఉప్పు మీద బూట్లతో

మాగ్డెబర్గ్
9 మార్చి 2025, ఆదివారం

మిరియం వదినకు,

నీ మరదలు కుమారి రాస్తున్నాను. చలికి ముక్కు కారడం తప్ప నాకూ మీ తమ్ముడికీ ఏ లోటూ లేదు. నువ్వూ పిల్లలూ బాగున్నారని, ఈ ఏడు ఉప్పు బాగా పడుతోందని అనుకుంటున్నాను.

ఫోన్లో నేను ఆఁ, ఊఁ తప్ప ఏమీ పలకనని, నాకు చేసే బదులు గోడతో మాట్లాడుకుంటే నయమని పోయిన వారం తిట్టావు కదా. అందుకే కాగితం మీద రాసి, ఫోటో తీసి నీ ఫోన్‌కు పంపుతున్నాను. ఏడో తరగతితో ఆగిపోయిన చేతిరాత. చూసి నవ్వకు. నవ్వినా మా అమ్మకు చూపించి నవ్వకు.

బావ పొద్దున్నే ఆసుపత్రి డ్యూటీకి వెళ్ళాడు. ఇక్కడ నర్సులకు ఆదివారం, సోమవారం అని తేడా లేదు. నేను ఇంట్లో ఒక్కదాన్నే. కిటికీలోంచి చూస్తే ట్రామ్ పోతుంది, మళ్ళీ ట్రామ్ వస్తుంది. మెట్ల మీద ఎవరైనా దిగుతున్న చప్పుడైతే, వాళ్ళు వెళ్ళిపోయేదాకా తలుపు వెనకే నిలబడతాను. ఎదురుపడితే పలకరిస్తారు. పలకరిస్తే బదులు చెప్పాలి. మొన్న రొట్టెల కొట్లో ఆమె ఏదో అడిగింది. కోసి ఇవ్వమంటావా అని అడిగిందట, తర్వాత బావ చెప్పాడు. నేను మాత్రం రొట్టె అక్కడే వదిలేసి వచ్చేశాను.

ఇక్కడికి రావడానికి జర్మన్ పరీక్ష పాసయ్యాను కదా అంటావు. అది బట్టీ చదువు వదినా. నా పేరు, వయసు, ఊరు, ఇష్టమైన కూర వరుసగా చెప్పగలను. మధ్యలో ఎవరైనా ఆపితే మళ్ళీ పేరు దగ్గర నుంచి మొదలుపెట్టాలి. ఇప్పుడు మే పన్నెండు నుంచి అసలైన క్లాసులు. అక్కడ అందరి ముందూ లేచి మాట్లాడాలట. బావ ఎలాగో నాకోసం టెర్మిన్, అంటే వాళ్ళిచ్చే అపాయింట్‌మెంట్, సంపాదించి పేరు రాయించాడు. ఆ తేదీ తలుచుకుంటే అన్నం దిగడం లేదు.

ఇంకొక సంగతి కూడా ఉంది. జనవరిలో వార్డులో ఒకామె పుట్టినరోజుకు వెళ్ళాం. మీ వాళ్ళు ఏం చేస్తారని బావను ఎవరో అడిగారు. బావ జర్మన్‌లో ఏదో చెప్పాడు. పక్కనే ఉన్న మన రాజమండ్రి నర్సమ్మ అబిగెయిల్, సముద్రం పక్క ఊరని చెప్పాడమ్మా అంది. అంతే. ఉప్పు మడుల మాట లేదు. ఉప్పు తట్టలు మోసిన పిల్లను పెళ్ళి చేసుకున్నానని చెప్పుకోవడం ఇష్టం లేదేమో. నేను తప్పు పట్టడం లేదు. చదువుకున్నవాళ్ళ మధ్య ఉద్యోగం చేస్తున్నాడు.

అందుకని ఒక్క సాయం చెయ్యి. నీ మోకాలు బాగోలేదని, ఉప్పు తీసే రోజుల్లో పిల్లల్ని చూసుకోవడానికి నన్ను పంపమని బావకు ఫోన్ చెయ్యి. తల్లి పోయాక నువ్వే పెంచావు, నీ మాట కాదనడు. ఒకసారి వచ్చానంటే నేను మళ్ళీ ఇక్కడికి రాను. ఆ మాట మాత్రం బావతో అనకు.

ఈ నెల 29న వార్డు వాళ్ళందరూ కుటుంబాలతో కలిసి ఉప్పు గని చూడటానికి వెళ్తున్నారు. భూమిలో ఏడు వందల మీటర్ల లోతున ఉప్పు ఉందట. నాకు నమ్మకం లేదు, వెళ్ళాలనీ లేదు. ఆ లోపే నీకు మోకాలి నొప్పి పుడితే బాగుంటుంది.

నీ మోకాలి మీదే ఆశ పెట్టుకున్న,
కుమారి


చినగంజాం
13 మార్చి 2025

మరదలు పిల్లకు,

నీ ఉత్తరం చదివాను. గోడకు నోరొచ్చినంత సంబరమైంది. నవ్వొద్దన్నావు కాబట్టి ముందు నవ్వేసి, తర్వాత చదివాను. మీ అమ్మకు చూపించలేదు, చదివి వినిపించాను. మోకాలి ముక్క మాత్రం దాచాను.

నా మోకాలి సంగతి నీకు తెలియనిది కాదు. నిన్న ఒక్కరోజే నలభై తట్టలు గట్టు మీదికి చేర్చాను. ఆ మోకాలికి నొప్పి అని చెబితే, ఇక్కడ ఉప్పు మడే సాక్ష్యం చెప్పడానికి లేచి వస్తుంది. అబద్ధం ఆడనని కాదు. నీకోసం ఒకటి ఆడితే దేవుడు కూడా పక్కకు తిరిగి కూర్చుంటాడు. కానీ ఊరికే ఆడను.

భూమిలో ఉప్పు అని రాశావు. ఎవరు దాచారమ్మా అక్కడ? సముద్రం లేని ఊళ్ళో, ఎండ లేని చోట, నీళ్ళు పెట్టకుండా, మడి తొక్కకుండా ఉప్పు పండుతుందంటే మన వాళ్ళు పనులాపి నవ్వారు. మీ అమ్మయితే, ఎవరూ చూడకుండా లారీల్లో తెచ్చి గుంటలో పోసి, జనానికి టికెట్ పెట్టి చూపిస్తున్నారని తేల్చేసింది. ఏడు వందల మీటర్ల కిందికి దిగితే ఏమొస్తుందో మన పాస్టరుగారిని అడుగు, ఆయన చెప్పేది ఉప్పు కాదు.

కాబట్టి నా షరతు ఇది. నువ్వు వెళ్ళు. అది నిజం ఉప్పో కాదో నాలిక మీద పెట్టి చూడు. రంగు, పలుకు, చెమ్మ అన్నీ నాకు రాయి. అప్పటికీ రావాలనే ఉంటే ఏ మోకాలు కావాలో చెప్పు, ఆ మోకాలికే నొప్పి తెచ్చుకుంటాను.

మా తమ్ముడి విషయం. వాడు నోరు విప్పడు. చిన్నప్పుడు జ్వరమొచ్చినా చెప్పేవాడు కాదు, పట్టుకుని చూసుకోవలసిందే. నువ్వూ నోరు విప్పవు. మీ ఇద్దరి ఇంట్లో మాట్లాడేది ఎవరు, ఆ ట్రామా?

ఇంకొకటి. ఉప్పు తీసే రోజుల్లో ఫోను ఇంట్లో వదిలి మడికి పోతాను. దాని మొహం చూసేది రెండు మూడు రోజులకొకసారి. జవాబు రాలేదని ఏడవకు.

మోకాళ్ళు రెండూ బాగున్న,
నీ వదిన మిరియం


మాగ్డెబర్గ్
30 మార్చి 2025, ఆదివారం

వదినకు,

వెళ్ళాను. నీ షరతు తీరింది. ముందు నువ్వు అడిగినవి రాస్తాను, ఎందుకంటే తర్వాత జరిగింది రాయడానికి చెయ్యి రావడం లేదు.

బస్సులో రెండు గంటలు పోయాక కొండల అవతల ఒక చిన్న ఊరు. అక్కడ మా అందరికీ నెత్తిన టోపీ, దానికి దీపం పెట్టారు. ముసలాయన ఒకడు ముందు నడిచాడు. ముప్పై ఏళ్ళు ఆ గనిలోనే పని చేశాడట, ఇప్పుడు వచ్చినవాళ్ళకు చూపిస్తున్నాడు. ఇనుప పంజరంలాంటి దాంట్లో మమ్మల్ని కుక్కి కిందికి దింపారు. చెవులు మూసుకుపోయాయి. బావ చెయ్యి పట్టుకున్నాను, అందరూ చీకట్లో ఉన్నారు కాబట్టి.

కింద చలి లేదు వదినా. మన ఊళ్ళో ఫిబ్రవరి మధ్యాహ్నంలా వెచ్చగా ఉంది. అందరూ కోట్లు విప్పేశారు. ఎటు చూసినా ఉప్పే. గోడలు ఉప్పు, పైకప్పు ఉప్పు, కాలి కింద ఉప్పు. తెలుపొకటే కాదు, ఎర్రచారలు, బూడిదచారలు. దీపం వేస్తే పలుకు పలుకూ మెరుస్తుంది. చెమ్మ లేనే లేదు. సముద్రం వాసన లేదు. మా అమ్మతో చెప్పు, అన్ని లారీలు ప్రపంచంలో లేవని.

లారీలాంటి బండిలో సొరంగాలగుండా తిప్పి ఒక పెద్ద హాలు దగ్గర దింపారు. మన చర్చి మూడు కలిపితే అంత ఉంటుంది. లోపలికి అడుగు పెట్టేముందు కిందికి చూశాను. నేల తెల్లగా, నున్నగా, ఆరబెట్టిన ఉప్పు రాశిలా ఉంది. ఆ తర్వాత నేనేమీ ఆలోచించలేదు. వంగి బూట్లు, మేజోళ్ళు విప్పి చేత్తో పట్టుకుని లోపలికి నడిచాను.

మన ఇంట్లో ఎవరైనా అంతే చేస్తారు కదా. రాశి మీద చెప్పుతో కాలు పెడితే అమ్మమ్మ ఊరుకునేదా? తినే వస్తువు మీద తొక్కే వస్తువేందే అని తరిమేది. నాకు అది నేల అనిపించలేదు.

పది అడుగులు వేశానో లేదో ముసలాయన దీపం నా కాళ్ళ మీద పడింది. గట్టిగా ఏదో అన్నాడు. ముప్పై మందీ ఒక్కసారి తిరిగి నా పాదాలు చూశారు. బావ వెనక నుంచి వచ్చాడు.

"ఏంది కుమారీ, కాల్లో ఏమన్నా గుచ్చుకుందా?"

"ఉప్పు బావా," అన్నాను.

బావ నా కాళ్ళ వంక చూశాడు, తర్వాత తన బూట్ల వంక చూసుకున్నాడు. మొహం మాడిపోయింది. ముసలాయనతో చాలాసేపు జర్మన్‌లో మాట్లాడాడు. నా భార్య, ఉప్పు, బూట్లు, ఈ మూడు మాటలూ నాకు తెలుసు. అవే మళ్ళీ మళ్ళీ వినపడ్డాయి. చదువులేని మనిషి, తెలియక చేసింది, క్షమించండి అనే కదా చెప్పి ఉంటాడు. అందరూ నన్నే చూస్తున్నారు. ముసలాయన తల అడ్డంగా ఊపి బూట్లు చూపించాడు. వేసుకున్నాను. తాళ్ళు బావే వంగి కట్టాడు.

అక్కడితో అయిపోలేదు. కాసేపటికి ఆ ముసలాయన మూడు ఉప్పు గడ్డలు తెచ్చి అందరి మధ్యలో నా ముందు పెట్టి, నాకి చూడమన్నట్టు నాలిక చాపాడు. పసిపిల్లతో ఆడుకున్నట్టు. కాదంటే ఇంకేమంటారో అని ఒక్కొక్కటీ నాకాను. ఒకటి మంచి ఉప్పు. ఒకటి మట్టి కలిసింది. మూడోది చేదు, మనం మడిలోంచి వదిలేసే చేదు నీళ్ళు గుర్తుకొచ్చాయి. మొహం ముడుచుకుని దాన్ని పక్కకు తోసేసి, మంచి గడ్డ ఆయన చేతిలో పెట్టాను. అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో బావ కిటికీ వైపే తిరిగి కూర్చున్నాడు. రాత్రి అన్నం పెడితే తిన్నాడు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

వదినా, ఇంక నావల్ల కాదు. ఏ మోకాలైనా సరే. వెంటనే ఫోన్ చెయ్యి.

కుమారి


మాగ్డెబర్గ్
1 ఏప్రిల్ 2025

వదినా,

మోకాలు ఆపు. ఇంకా ఫోన్ చెయ్యకపోతే చెయ్యొద్దు.

నిన్న సాయంత్రం అబిగెయిల్ వచ్చింది. బస్సులో నేను మర్చిపోయిన మఫ్లర్ ఇవ్వడానికి. తలుపు వెనక నిలబడ్డాను గానీ, నువ్వున్నావని తెలుసు, తియ్యమ్మా అని తెలుగులో అరిచేసరికి తియ్యక తప్పలేదు. టీ పెట్టాను. వార్డులో అందరూ నా గురించే మాట్లాడుకుంటున్నారంది. నాకు ఏడుపు వచ్చింది. ఆమె కప్పు కింద పెట్టి, "ఎందుకమ్మా ఏడుస్తావ్? మీ ఆయన ఏం చెప్పాడో నీకు తెలీలేదా?" అంది.

బావ ఆ ముసలాయనతో చెప్పింది ఇదట. మేమిద్దరం ఉప్పు పండించే ఇళ్ళలో పుట్టాం. మా అమ్మ, నా భార్య, వాళ్ళమ్మ, వాళ్ళమ్మమ్మ అందరూ మడుల్లో పని చేసినవాళ్ళే. మా ఇళ్ళలో ఉప్పు మీద చెప్పులతో కాలు పెట్టం. నా భార్య చేసింది సరైన పని, మర్చిపోయింది నేను. ఆమెను అలాగే నడవనివ్వండి. ఇలా అడిగాడట, అందరి ముందూ, వాళ్ళ పెద్ద నర్సు ముందు కూడా.

ముసలాయన, బూట్లు లేకుండా గనిలో ఎవరినీ నడవనివ్వకూడదు, అది ఎవరికోసమూ మార్చే నియమం కాదన్నాడట. కానీ ఉప్పు చేసే మనిషి ఇన్నేళ్ళలో తన గనిలోకి ఎప్పుడూ రాలేదని, ఆమెకు తెలుస్తుందో లేదో చూద్దామని ఆ గడ్డలు తెచ్చాడట. అంతకుముందెప్పుడో గని చూడటానికి వచ్చిన డాక్టర్లు కూడా చేదుదాన్నే మంచిదన్నారట. చప్పట్లు అందుకు.

నేను రెండు రోజులు ఏడ్చింది దేనికో ఇప్పుడు నాకే తెలియడం లేదు. బావ ఎందుకు మాట్లాడలేదో మాత్రం ఇంకా తెలియదు. అడగాలి.

ఈ ఉత్తరం చూడగానే మోకాలు ఆపేసినట్టు ఒక ముక్క రాయి.

కుమారి


చినగంజాం
3 ఏప్రిల్ 2025

మరదలు పిల్లకు,

నీ గని ఉత్తరం సోమవారం పొద్దున మడికి పోయేముందే చూశాను. చదివి అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను. మా తమ్ముడు నిన్ను చూసి సిగ్గుపడ్డాడంటే, వాణ్ణి ఇక్కడికి పిలిపించి నాలుగు రోజులు మడి తొక్కిద్దామనిపించింది. తర్వాత చెయ్యవలసిన పని చేశాను. అప్పటికప్పుడే వాడికి ఫోన్ చేశాను.

ఏం నటించాననుకున్నావు. మూలిగాను. మధ్యలో ఒకసారి అమ్మా అన్నాను, మా ఆయన ఏమైందోనని లోపల నుంచి పరుగెత్తుకొచ్చాడు. మా తమ్ముడు నర్సు కదా, అది నేను మర్చిపోయాను. వాపు ఎక్కడ, ఎప్పటి నుంచి, వంచితే నొప్పా, చాపితే నొప్పా, ఒకటే ప్రశ్నలు. అన్నింటికీ నొప్పే అని చెప్పాను. కుమారిని పంపితే చాలు, మందులొద్దు అన్నాను. సరే అక్కా అన్నాడు. నీ పని అయిపోయింది, పెట్టె సర్దుకో. మీ అమ్మ నీకోసం గది ఊడుస్తోంది.

బూట్లు విప్పినందుకు నిన్ను అక్కడ ఎవరేమన్నా, ఇక్కడ ఎవరూ తప్పనుకోరు. మడిలో అందరికీ చెప్పాను. పని చేస్తున్నవాళ్ళు తట్టలు దించి విన్నారు. అంత లోతులో కూడా గుర్తు పెట్టుకుందే అన్నారు.

ఇంతవరకు రాసి ఫోటో తీద్దామని ఫోన్ తెరిస్తే నీ రెండో ఉత్తరం కనపడింది.

ఏమ్మే, నీకు నేను ఏమవుతాను? రెండు రోజులకొకసారి నా మోకాలు పాడు చేసి, మళ్ళీ బాగు చేస్తావా? ఇప్పుడు వాడితో ఏం చెప్పను, పొద్దున నొప్పి, సాయంత్రానికి తగ్గిందనా? నేను అబద్ధం ఆడతాననే చెప్పాను గానీ, ఆడినదాన్ని వెనక్కి తీసుకుంటానని చెప్పలేదు. అది నీ పని. నీ నోటితో నువ్వే చెప్పుకో. అడగాలి అని రాశావు కదా, అడుగు. ఆ ట్రామ్ వచ్చి అడగదు.

ఇంట్లోనే కుంటుకుంటూ తిరుగుతున్న,
నీ వదిన


మాగ్డెబర్గ్
6 ఏప్రిల్ 2025, ఆదివారం

వదినకు,

కుంటడం మానెయ్యి. జరిగింది రాస్తాను.

నీ ఉత్తరం చూసేసరికే ఆలస్యమైంది. శుక్రవారం బావ డ్యూటీ నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, ఒక కాగితం బల్ల మీద పెట్టాడు. నా పేరుతో టికెట్. ఈ నెల పదహారున ప్రయాణం. అక్కకు బాగోలేదట, వెళ్ళు, ఈస్టరుకు అక్కడే ఉండు అన్నాడు. అని ఉల్లిపాయలు తీసుకుని తరగడం మొదలుపెట్టాడు. నేను తరుగుతానంటే ఇవ్వలేదు.

నేను తలుపు దగ్గర నిలబడ్డాను. మామూలుగా అయితే ఆఁ అని లోపలికి వెళ్ళేదాన్ని. కాళ్ళు వెళ్ళలేదు. ముందు వేరే సంగతి అడిగాను, అదే తేలికనిపించి. గనిలో ఆ రోజు నా మీద కోపమెందుకు వచ్చిందని. బావ కత్తి ఆపాడు.

"నీ మీద కోపమేంది? అమ్మ పోయినాక ఉప్పు మీద కాలు పెట్టింది అదే మొదలు. పెట్టిన నాడు బూట్లతో పెట్టా. నువ్వు లేకపోతే అట్నే తిరిగి వచ్చుండేవాణ్ణి, గుర్తు కూడా రాకుండా."

మరి పుట్టినరోజు నాడు సముద్రం పక్క ఊరని చెప్పి ఎందుకు ఊరుకున్నావన్నాను. ఉప్పు మడికి వీళ్ళ భాషలో ఏమంటారో అప్పటికి తెలియదట. సిగ్గుపడి దాచాడని మూడు నెలలు నేను కడుపులో పెట్టుకున్నది, ఆయనకు మాట దొరకకపోవడం వదినా. నాకే కాదు, ఆయనకూ దొరకదన్నమాట.

ఆ మాట విన్నాక ఇంక దాచలేకపోయాను. నీ మోకాలు బాగుందని, నేనే చెప్పించానని, వెళితే తిరిగి రాకూడదనుకున్నానని అంతా చెప్పేశాను. కళ్ళు నేల మీద పెట్టే చెప్పాను గానీ, మధ్యలో ఆగలేదు, మళ్ళీ పేరు దగ్గర నుంచి మొదలుపెట్టలేదు.

బావ ఉల్లిపాయల వంకే చూస్తూ, "తెలుసు," అన్నాడు.

నీ నటన గురించి చెప్పమంటావా? ముందు కుడి మోకాలన్నావట. వాపు యాడక్కా అంటే ఎడమ మోకాలన్నావట. మాట్లాడుతూనే నువ్వు మెట్లు ఎక్కుతున్న చప్పుడు వినపడిందట, ఆయాసం కూడా లేకుండా. అమ్మా అని అరిచింది మాత్రం బాగుందట. ఆయన నవ్వుతుంటే నాకూ నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళతోనే. ఉల్లిపాయల మీదికి తోశాను.

తెలిసీ టికెట్ ఎందుకు కొన్నావని అడిగాను.

"మా అక్క నాకు అబద్ధం చెప్పే మనిషి కాదు. చెప్పిందంటే, నువ్వు ఇక్కడ అంత కష్టంగా ఉన్నావని. పట్టుకుని కూర్చోబెడితే ఉంటావు, నాకు తెలుసు. అట్టా ఉండటం నాకొద్దు కుమారీ."

నేను ఆ కాగితం తీసి చూశాను. వెళ్ళే తేదీ ఒక్కటే ఉంది. తిరిగి వచ్చేది లేదు. వచ్చేది ఏదని అడిగితే, అది నేను వెయ్యగూడదు, నువ్వు చెప్పాలి అన్నాడు.

వదినా, పదహారున బయలుదేరుతున్నాను. పదిహేడు సాయంత్రానికి ఊళ్ళో ఉంటాను. అమ్మను చూడాలని ఉంది, మడిలో దిగాలని ఉంది. నీ రెండు మోకాళ్ళూ నొక్కి, ఏది కుడో ఏది ఎడమో నేర్పిస్తాను. అన్నీ సర్దుకుని వచ్చేస్తున్నానని అమ్మ గది ఊడుస్తోంది కదా, ఆమెకు మెల్లగా చెప్పు.

నిన్న పొద్దున బావ టికెట్ల ఆఫీసుకు ఫోన్ కలిపి, తను మాట్లాడకుండా నా చేతికిచ్చి, సాక్సులు ఆరెయ్యడానికి వెళ్ళిపోయాడు. అవతల జర్మన్‌లో ఆడమనిషి గొంతు. ఫోన్ పెట్టేద్దామనుకున్నాను. పెట్టలేదు. నా పేరు చెప్పాను, తర్వాత వయసు, ఊరు చెప్పబోయి ఆపుకున్నాను. తిరుగు ప్రయాణం మే పదో తేదీ అన్నాను. క్లాసు పన్నెండున కదా, ఒక రోజు నిద్ర తీరాలి. ఆమెకు వినపడలేదు, ఏ రోజు అని మళ్ళీ అడిగింది.

మళ్ళీ చెప్పాను, ఈసారి గట్టిగా.

నీ మరదలు,
కుమారి